ఎండాకాలం ఏటి మడుగుల ఈతకి పోయేటోళ్ళకి, హైదరాబాద్ నించి

ఏప్రిల్ సగం దాటిందంటే మా ఇంట్ల ఒకటే లొల్లి, యాడికన్న నీళ్ళున్న కాడికి తీస్కపో అని. వాటర్ పార్కుకి పోతే టికెట్ల కాడ లైను, లోపల మనిషికి మనిషి తగులుడే, ఆ క్లోరిన్ వాసన రెండు రోజులు ఒంటికి పోదు. అందుకే కొన్నేండ్ల సంది మేం ఏటికే పోతున్నం. ఏరంటే నిండుగ పారే నది కాదు, ఎండాకాలం కృష్ణల గానీ మంజీరల గానీ నీళ్ళు తగ్గిపోయి బండల సందుల, ఇసుక మేటల పక్కన మడుగులు మిగుల్తయి చూడుండ్రి, అవి. పొద్దుగాల ఏడింటికి ఆ నీళ్ళల్ల మెడ దాక కూసుంటే ఏసీ దాని ముందట దేనికీ పనికిరాదు. గానీ అసొంటి నీళ్ళే ప్రతి ఎండాకాలం సిటీ పిల్లల్ని మింగుతున్నయి, 2025 జూన్ల బాసర కాడ గోదావరిల స్నానానికి దిగి మన హైదరాబాద్ పిలగాండ్లే ఐదుగురు పోయిన్రు. పోవద్దని నేను చెప్పను, మేం ఎట్ల పోతమో, ఏం తప్పు చేసి ఏం నేర్చుకున్నమో అది చెప్తున్న.

ముందు ఎక్కడ దిగొద్దో. గండిపేట, హిమాయత్ సాగర్ల ఈత బంద్, అవి తాగే నీళ్ళ చెరువులు, 1908 వరద తర్వాత మూసీని ఆపనీకి కట్టినవి, ఎంత దగ్గర ఉన్నా ఆ ఆశ పెట్టుకోకుండ్రి. సిటీ చుట్టూ క్వారీ గుంతలు ఉంటయి, నీళ్ళు నీలంగ మెరుస్తుంటయి, ఫోటోకి మస్తుంటది, గానీ గోడలు నిట్టనిలువుగ ఉంటయి, దిగినోడు ఎక్కనీకి చెయ్యి పట్టుకునే జాగా ఉండదు. పెద్ద రిజర్వాయర్ కట్టలు గూడ అంతే, లోపలి వైపు రాళ్ళు పేర్చి ఉంటయి, నీళ్ళ కింద వాటికి పాకురు పట్టి ఉంటది, రెండడుగులు ఏసేసరికి జారుడు మొదలైతది, ఆగేది నిలువు లోతులనే. 2025 జనవరిల కొండపోచమ్మ సాగర్ల ఐదుగురు పిలగాండ్లు పోయిన్రు, వాళ్ళు గూడ సిటీ నించి పోయినోళ్ళే.

మరి యాడికి పోవాలె. బెంగళూరు హైవే మీద బీచుపల్లి, సుమారు 160 కిలోమీటర్లు, కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి గుడి, స్నానాల ఘాట్లు ఉన్నయి, మనుషులు ఉంటరు, ఫస్ట్ టైం పోయేటోళ్ళకి నేను చెప్పేది అదే. కొల్లాపూర్ దాటినంక సోమశిల, అది శ్రీశైలం డ్యామ్ బ్యాక్‌వాటర్, చూడనీకి సముద్రం లెక్క ఉంటది, చేపల ఫ్రై దొరుకుతది, గానీ ఈతకి జర ఆలోచించాలె, ఎందుకంటే ఎండాకాలం నీళ్ళు గుంజినప్పుడు ఒడ్డంత ఒండ్రు తేలుతది, మోకాలి దాక దిగవడ్తది, పైన ఎండి గట్టిగ కనవడ్తది లోపల మెత్తగ ఉంటది. పైగా ఆ ప్రాజెక్టు కట్టినప్పుడు ఊర్లకి ఊర్లే మునిగినయి కదా, నీళ్ళ కింద గోడలు, మొద్దులు ఏం ఉన్నయో పైనుంచి తెల్వది. అక్కడ పడవ ఎక్కుండ్రి చాలు. మెదక్ దిక్కు పోతే ఏడుపాయల, మంజీర ఏడు పాయలుగ చీలే కాడ వనదుర్గమ్మ గుడి, వంద కిలోమీటర్ల పైన ఉంటది, బండల మధ్యల నీళ్ళు సన్నగ పారుతుంటే పిల్లలకి మంచిగుంటది. గానీ పైన సింగూరు డ్యామ్ ఉంది, ఘనపూర్ ఆనకట్ట కింద పొలాలకి అక్కడి నించి నీళ్ళు ఇడుస్తరు, ఇడిచిన రోజు పాయ వేరే తీరు ఉంటది. ఇంకోటి, మంజీరల మొసళ్ళు నిజం, ఉత్తగ భయపెట్టనీకి చెప్పేది కాదు, సంగారెడ్డి పక్కన మొసళ్ళ అభయారణ్యమే ఉంది. ఊరోళ్ళు "మొసలి కనవడ్డది" అంటే ఆ రోజు ఒడ్డు మీద పులిహోర తిని వాపస్ రావాలె అంతే.

మేం ఎక్కువ పోయే జాగా వీటిల లేదు. కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరు, పేరు చెప్పను, చెప్తే వచ్చే ఎండాకాలానికి అక్కడ బీరు సీసాలు తప్ప ఏం మిగలవు.

ఇగ అసలు సంగతి. యాడికి పోయినా నీళ్ళల్ల కాలు పెట్టేముందు ఊరోళ్ళని అడగాలె అని అందరూ చెప్తరు, అందరూ అడుగుతరు గూడ, గానీ తప్పు సవాల్ అడుగుతరు. మేం గూడ అట్లనే అడిగినం. మొదటిసారి ఆ ఊరికి పోయినప్పుడు ఒడ్డు మీద ఒక తాత వల సదురుకుంటున్నడు. నేను పోయి "తాతా, ఈడ లోతు ఉన్నదా?" అన్న. ఆయన తల గూడ ఎత్తకుండ "ఏం లేదు బిడ్డా, పోండ్రి" అన్నడు. అబద్ధం కాదు అది. పుట్టినకాడి నించి ఆ ఏట్లనే ఈదిన మనిషికి రెండు నిలువుల నీళ్ళు ఏం లేనట్టే లెక్క. మా బామ్మర్ది అపార్ట్‌మెంట్ పూల్ల ఈ మూల నించి ఆ మూలకి కొట్టేటోడు, వాడికి ధైర్యం, ముందు దిగిండు. నడుం లోతుల నడుస్తున్నడు, నవ్వుకుంట మమ్మల్ని పిలుస్తున్నడు, ఇంకొక అడుగు ఏసిండు, మనిషి లేడు. టోపీ ఒక్కటే నీళ్ళ మీద తిరుగుతున్నది.

అరుపు లేదు, చేతులు ఊపుడు లేదు. మళ్ళ లేసిండు, నోరు తెరిచి ఉంది, తల ఎనకకి వాలింది, చేతులు రెండు పక్కల నీళ్ళని కిందికి ఒత్తుతున్నయి నిచ్చెన ఎక్కుతున్నట్టు, మళ్ళ మునిగిండు. ఆటాడుతున్నడు అనుకున్న నేను, నిజం చెప్తున్న, రెండు సెకన్లు నవ్విన గూడ. మా అక్కనే ముందు గుర్తుపట్టింది. కార్ల తాగనీకి తెచ్చిన 20 లీటర్ల వాటర్ క్యాన్ ఉండె, అప్పటికి ఖాళీ అయింది, దాన్ని ఇసిరింది. వాడి చేతికి అందింది, దాన్ని కావలించుకుని కొట్టుకొచ్చిండు, తాత వల పారేసి దిగి గుంజుకొచ్చిండు. నిరుడు అక్కడ ఇసుక తీసిన గుంత అది అని తర్వాత చెప్పిండు. లోతు ఉన్నదా అని అడిగితిరి గానీ గుంతలు ఉన్నయా అని అడగకపోతిరి అన్నడు, అది గూడ నిజమే.

అందుకని ఇప్పుడు నేను లోతు అడగనే అడగను. "మీ ఊరి చిన్న పిల్లలు యాడ ఈత నేర్చుకుంటరు?" అని అడుగుత. "ఇసుక యాడ తీసిన్రు?" అని అడుగుత. "ఇక్కడ ఎవరన్న పోయిన్రా?" అని గూడ అడుగుత, మంచిగ అనిపించదు గానీ అడగాలె, ఆ సవాల్‌కి మనుషులు చెయ్యి చాపి జాగా చూపిస్తరు, "అగో ఆ బండ అవతలికి పోకుండ్రి" అని. అడగనీకి ఎవరూ లేకుంటే బర్రెల్ని చూడాలె. బర్రెలు దిగే కాడ ఒడ్డు మెల్లగ వాలుగ ఉంటది, ఎక్కనీకి దారి ఉంటది. ఆడోళ్ళు బట్టలు ఉతికే బండ కాడ కాలి కింద గట్టి నేల ఉంటది. బర్రెలు లేవు, బట్టల బండ లేదు, చేపలు పట్టేటోడు లేడు, ఏ మనిషీ రాని అందమైన మడుగు దొరికిందంటే, ఎవరూ ఎందుకు వస్తలేరో మీకు తెల్వదు అన్నట్టు.

నీళ్ళని చూసి గూడ కొంత పట్టుకోవచ్చు. ఏరు వంపు తిరిగే కాడ బయటి ఒడ్డు కోసుకుపోయి నిలువుగ ఉంటది, లోతంత ఆ పక్కనే, లోపలి ఒడ్డుకి ఇసుక మేట ఏసి మెల్లగ దిగుతది, మనం దిగాల్సింది మేట దిక్కు. వంతెన పిల్లర్ల మొదట్ల, పెద్ద బండ ఎనక వరద నీళ్ళు తవ్విన గుంతలు ఉంటయి. ఆనకట్ట కింద నీళ్ళు దూకే కాడ తెల్లగ నురుగు తిరగబడుతుంటది, షవర్ లెక్క ఉందని దాని కిందికి పోతరు, ఆ నీళ్ళు మనిషిని మళ్ళ మళ్ళ లోపలికే గుంజుతయి, ఎంత ఈత వచ్చినా లాభం లేదు. తేటగ ఉంది, అడుగు కనవడ్తుంది కదా అని గూడ నమ్మొద్దు, నీళ్ళల్ల చూపు మోసం చేస్తది, నాలుగడుగుల లోతు పైనుంచి మూడడుగులే అనిపిస్తది. పిల్లలకి గొంతు దాక వస్తదా ముక్కు మీదికి వస్తదా అనేది ఆ ఒక్క అడుగుల్నే ఉంది.

సామాన్ల సంగతి. దసరాకి కొన్న బూజు కర్ర ఉంటది కదా ఇంట్ల, గుంజితే పొడుగు అయ్యేది, బ్రష్ తీసేసి అది కార్ల ఏస్కోండ్రి. నేను ముందు దిగి దానితోని పొడుచుకుంట పోత, అడుగు ఎత్తి వెయ్యను, కాలు ఈడ్చుకుంట పోత, అంచు వస్తే కాలికి ముందే తెలుస్తది. కర్ర నా ఛాతీ దాక మునిగిన కాడ ఆగి, అక్కడ రెండు కట్టెలు పాతి ఎర్ర గుడ్డ కట్టి వస్త, దాని అవతలికి ఎవరూ పోవద్దు, ఈత వచ్చినోళ్ళు గూడ. మా పిల్లలు దానికి బార్డర్ అని పేరు పెట్టిన్రు, ఒకళ్ళ మీద ఒకళ్ళు కంప్లైంట్లు చేస్కుంటరు, నాకు కావాల్సింది అదే.

తాడు తప్పకుండ ఉండాలె. బట్టలారేసే సన్న నైలాన్ తాడు కాదు, అది తడిస్తే చేతిల జారుతది, అరచెయ్యి కోస్తది. హార్డ్‌వేర్ షాపుల బోరు మోటారు దింపే తాడు అని అడుగుండ్రి, బొటనవేలు మందం, ఒక 20 మీటర్లు. దాని కొసకి ఖాళీ వాటర్ క్యాన్ మెడకాడ ముడి ఏసి, మూతకి ప్లాస్టర్ టేపు నాలుగు చుట్లు చుట్టుండ్రి, నీళ్ళు లోపలికి పోవద్దు. ఆ క్యాన్ మునగాలంటే 20 కిలోల బలం కావాలె, మనిషి తల నీళ్ళ పైన ఉండనీకి నాలుగైదు కిలోలు చాలు, అంటే ఇద్దరిని గూడ ఆపుతది. క్యాన్ ఇచ్చే పిలగాడు వాపస్ అడిగితే డిపాజిట్ ఉంచుకో తమ్మీ అని చెప్పి ఆ పాతది నేనే ఉంచుకున్న, గీతలు పడి నల్లగ అయింది గానీ ప్రతి ట్రిప్పుకి డిక్కీల అదే ముందు ఎక్కుతది. లైఫ్ జాకెట్ కొనేంత ఉంటే ఇంకా మంచిది, పిల్లలకి మాత్రం తప్పకుండ కొనుండ్రి, చేతులకి గాలి ఊది పెట్టుకునే రంగు రంగులవి మాత్రం వద్దు, బండకి గీసుకుంటే తుస్సుమంటయి. పాత లారీ ట్యూబు పంక్చర్ షాపుల దొరుకుతది, దాని మీద కూసునుడు పిల్లలకి పండగే, గానీ గాలి వీస్తే అది దానంతట అదే లోతుకి పోతది, ఎనకకి తాడు కట్టి ఒకళ్ళు పట్టుకోవాలె.

బట్టలంటే మగోళ్ళు జీన్స్‌తోని దిగుతరు, తడిస్తే కాళ్ళకి బండ కట్టుకున్నట్టే. ఆడోళ్ళు చున్నీ, చీర తీసి పక్కన పెట్టి చుడీదార్ పైజామా, టీ షర్ట్‌తోని దిగితే హాయి. హవాయి చెప్పులు కొట్టుకపోతయి, పాకురు బండ మీద జారుతయి గూడ, ఎనక బెల్టున్న పాత సాండల్స్ ఏస్కోండ్రి, సీసా పెంకులు ఎక్కడన్న ఉంటయి. పది దాటినంక ఒడ్డు బండ పెనం లెక్క కాల్తది, ఒట్టి కాళ్ళతోని పిల్లలు ఎగురుకుంట ఉరుకుతరు, ఆ ఉరుకుడులనే జారి పడేది.

టైం: మేం పొద్దుగాల నాలుగింటికి ఇల్లు ఇడుస్తం, ఆరాంఘర్, శంషాబాద్ దాటేదాక ట్రాఫిక్ లేకుండ, జడ్చర్లల చాయ్. ఏడింటికల్ల ఒడ్డు. పదింటికి ఎంత ఏడ్చినా అందరూ బయటికి. మే నెలల మధ్యాహ్నం 43, 44 దాక పోతది, నీళ్ళల్ల ఉంటే ఎండ తెల్వది, తల మాడిపోయి ఒడ్డుకి వచ్చినంకనే కండ్లు తిరుగుతయి. సాయంత్రం ఎందుకు పోరాదు అంటరు, మే ఆఖర్ల సాయంత్రాలే గాలిదుమారం, పిడుగులు, ఉరుము ఇనవడ్తే నీళ్ళల్ల ఉండొద్దు, చెట్టు కింద గూడ ఉండొద్దు, కార్ల కూసోవాలె.

ఇప్పుడు పైనుంచి వచ్చే నీళ్ళ గురించి, ఇది చిన్న విషయం కాదు. 2014 జూన్ 8న హిమాచల్‌ల బియాస్ నదిల మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకపోయిన్రు, ఈతకి దిగలే వాళ్ళు, బండల మీద నిలబడి ఫోటోలు దిగుతున్నరు, పైన లార్జీ డ్యామ్ నించి నీళ్ళు ఇడిచిన్రు. అక్కడి దాక ఎందుకు, మన కృష్ణ మీద గూడ పవర్‌హౌస్‌లు ఉన్నయి, జూరాల, శ్రీశైలం, సాగర్. గేట్లు ఎత్తలేదు కదా, ఎండాకాలం కదా అనుకుంటరు, టర్బైన్ తిప్పినా నీళ్ళు కిందికే వస్తయి, గేటు ఎత్తాల్సిన పని లేదు. డ్యామ్ కింద మడుగైతే ఆ రోజు నీళ్ళు ఇడుస్తరా అని ఊర్ల గట్టిగ అడగాలె. మేం దిగంగనే నీళ్ళ అంచు కాడ ఒక పుల్ల గుచ్చుతం, పావు గంటకోసారి చూస్తం, నీళ్ళు పుల్ల దాటినయంటే సామాన్ ఇడిచిపెట్టి అయినా సరే ఒడ్డెక్కుడే. తేట నీళ్ళు ఒక్కసారి ఎర్రగ అయినయి, ఎండుటాకులు, పుల్లలు తేలుకుంట వస్తున్నయి, పైనుంచి హోరు మొదలైంది అంటే పుల్ల కోసం గూడ చూడొద్దు. నడిమి బండ మీద, ఇసుక దిబ్బ మీద దుప్పటి పరిచి కూసునుడు అసలు వద్దు, చుట్టూ నీళ్ళు వచ్చినంక దారి ఉండదు.

ఒడ్డు మీద ఒక మనిషి ఎప్పటికీ ఉండాలె, పొడి బట్టలతోని, తాడు పక్కన పెట్టుకుని. ఫోన్ జేబుల ఉండాలె, చేతిల కాదు, రీల్ తీసుకుంట కాపలా ఉన్న అంటే అది కాపలా కాదు. అరగంటకి ఒకళ్ళు మారాలె, లేకపోతే ఎండకి వాళ్ళకే నిద్ర వస్తది. అడుగడుగుకి తలలు లెక్కపెట్టుడు వాళ్ళ పని. మందు ఏసుకున్నోళ్ళు దిగొద్దు, వాళ్ళని కాపలాకి గూడ పెట్టొద్దు, చెట్టు కిందనే ఉండనియ్యుండ్రి.

ఎవరన్న మునుగుతున్నరు అంటే ఎనక దుంకకుండ్రి. ఒకడి ఎనక ఒకడు దుంకి అన్నదమ్ములు ఇద్దరూ పోయిన ముచ్చట్లు మనకి కొత్త కాదు, మునిగేటోడు దొరికిన మెడని పట్టుకుంటడు, వాడి తప్పు కాదు అది. క్యాన్ ఇసురుండ్రి, అందేటంత దూరమైతే కర్ర చాపుండ్రి, ఏం లేకపోతే చీర, చున్నీలు ముడేసి ఇసురుండ్రి, గుంజేటప్పుడు మీరు బోర్ల పడుకుని గుంజాలె, లేకపోతే మిమ్మల్నే గుంజుతడు. బయటికి తెచ్చినంక కాళ్ళు పట్టి తలకిందులు చేసుడు, పొట్ట ఒత్తి నీళ్ళు కక్కిచ్చుడు వద్దు, అండ్ల టైం పోతది. ఊపిరి లేకపోతే ముందు ముక్కు మూసి నోట్ల ఊపిరి ఊదాలె, ఆ తర్వాత ఛాతీ నడిమిట్ల 30 సార్లు గట్టిగ ఒత్తి 2 సార్లు ఊదుడు, ఆపకుండ. ఇంకొకళ్ళు 108కి ఫోన్. ఏటి ఒడ్డున చాలా జాగల సిగ్నల్ ఉండదు, ఎక్కడ గీతలు వస్తున్నయో దిగకముందే నడిచి చూసుకోవాలె, మాకైతే ఆ ఊర్ల బడి కాడికి పోతేనే వస్తది. తేరుకుని మంచిగనే మాట్లాడుతున్నా సరే దవాఖానకి తీస్కపోవాలె, ఊపిరితిత్తులల్ల పోయిన నీళ్ళు గంటల తర్వాత ఇబ్బంది పెడతయి. మా బామ్మర్దిని తీస్కపోలే మేం, బిర్యానీ తినిపిచ్చినం, అదృష్టం బాగుంది అంతే, తర్వాత తెల్సిన డాక్టర్ మస్తు తిట్టిండు.

తిండి గురించి తక్కువనే చెప్త, అందరికీ తెల్సిందే. దిగేముందు రెండు ఇడ్లీలు, ఎక్కినంక పులిహోర, మజ్జిగ, దోసకాయ ముక్కలు, దారిల ముంజలు దొరికితే ముంజలు. ఏటి నీళ్ళు తాగొద్దు, నిలవ ఉన్న మడుగుల పచ్చగ నురుగు ఉంటే అసలు దిగనే వద్దు. వెచ్చగ నిలిచిన నీళ్ళు ముక్కుల్లకి పోకుండ చూసుకోండ్రి, కేరళల మెదడుకి పట్టే అమీబా కేసులు ఇసొంటి నీళ్ళతోని గూడ వచ్చినయి, చాలా అరుదు గానీ తల ముంచి ఆటలు తగ్గిస్తే పోయేదేం లేదు. కాలికి పుండు ఉంటే ఆ రోజు ఒడ్డు మీదనే. సబ్బు, షాంపూ తేకుండ్రి, కింద ఊరోళ్ళు అవే నీళ్ళు వాడుతరు. డైపర్లు మాత్రం దండం పెట్టి చెప్తున్న, కవర్ల ఏసి ఇంటికి తీస్కపోండ్రి.

వాపస్ వచ్చేటప్పుడు బండి నడిపేటోడు నీళ్ళల్ల తక్కువ సేపు ఉండాలె. మూడు గంటలు ఈత, పొట్టనిండ పులిహోర, మీద మధ్యాహ్నం హైవే, ఏసీ, కండ్లు వాటంతట అవే మూసుకపోతయి. మేం చెట్ల కింద చాప ఏసి మూడింటి దాక పడుకుంటం, ఆ తర్వాతనే బయల్దేరుడు. సీట్ల మీద పాత ప్లాస్టిక్ ఫ్లెక్సీ పరుచుకోండ్రి, లేకపోతే ఆ ఒండ్రు వాసన వానాకాలం దాక కార్లనే ఉంటది.